యోగిత పెట్టిన కమిషన్

ఆ సోమవారం మీటింగ్‌లో యోగిత అందరి ముందూ తిరుమల్‌ను పాసెంజర్ బండి అంది.

"మిగతావాళ్ళు ఎక్స్‌ప్రెస్‌ల్లా దూసుకెళ్తున్నారు. మీరేమో ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతున్నారు. నెల మొత్తానికి రెండు చిన్న సైట్లేనా?"

అమ్మకాల్లో అందరికన్నా ముందున్న రాజేందర్ పకపకా నవ్వాడు. తిరుమల్ కూడా నవ్వబోయాడు.

"చిన్న స్టేషన్ల సుత మనుషులుంటరు గద మేడం."

"నాకు జోకులు కాదు, నంబర్లు కావాలి. జీతం తీసుకునేటప్పుడు మీకు సిగ్గనిపించదా?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. తిరుమల్ నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నాడు.

వెస్ట్ మారేడ్‌పల్లిలో మెడికల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు అది. పేరు వెబ్‌వాకిలి. చిన్న చిన్న దుకాణాలకు, క్లినిక్‌లకు వెబ్‌సైట్లు చేసిపెడతారు. మూడేళ్ళుగా అంతంతమాత్రంగా నడుస్తున్న ఆ ఆఫీసును గట్టెక్కించాలని ఏప్రిల్‌లో దాని యజమాని యోగిత అమ్మేవాళ్ళకు కొత్త కమిషన్ పెట్టింది. ఇరవై వేలు దాటిన ప్యాకేజీ అమ్మితే పదిహేను శాతం. అంతకు తక్కువ దానికి సున్నా. పాత కస్టమర్ మళ్ళీ ఏడాదికి డబ్బు కట్టినా సున్నాయే. రెండు నెలల్లో అమ్మకాలు రెట్టింపయ్యాయి. రాజేందర్ కొత్త బైకు కొన్నాడు. తిరుమల్ పేరు మాత్రం గోడమీది అమ్మకాల బోర్డులో అట్టడుగుకు జారిపోయింది.

అందరి ముందూ అలా అనాల్సిన పనిలేదని యోగితకు తెలుసు. కానీ తిరుమల్ లోపలికి వస్తే తన మొహం వెలిగిపోతోందని, అతను ఫీల్డ్‌లో ఉన్న రోజు ఆఫీసు బోసిగా ఉంటోందని ఈమధ్యే గమనించింది. నలుగురూ గమనించేశారేమోనని భయం. ఆ భయంతోనే నోరు అంత పదునెక్కింది.

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు, ఇంగ్లీషులో. తిరుమల్ ఉద్యోగం మానేశాడు.

'మంచిదే' అనుకుంది యోగిత. ఆ అనుకోవడం రాత్రి భోజనం దాకా కూడా నిలవలేదు.

గురువారం నేరేడ్‌మెట్ నుంచి శ్యామలమ్మ అనే కస్టమర్ ఫోన్ చేసింది. టైలరింగ్ షాపు. రాజేందర్ ఆమెకు అరవై వేల ప్యాకేజీ అమ్మాడు. సైటు ఎట్లా నడపాలో తెలియడం లేదని, ఎవరైనా వచ్చి చూపిస్తే పుణ్యముంటుందని ఆమె బతిమాలింది. సర్వీసు మనిషి సెలవులో ఉండటంతో యోగితే ఆటో ఎక్కింది.

దారి పొడవునా వాన. షాపు చేరేసరికి చున్నీ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. శ్యామలమ్మ మెషీన్ ఆపి, కుట్టని జాకెట్ గుడ్డ ఒకటి తెచ్చి తల తుడుచుకోమని ఇచ్చింది. ఒక్క గదంత షాపు, రెండు కుట్టుమిషన్లు, గోడకు వేలాడే మగ్గం వర్క్ జాకెట్లు.

"ఈ కార్ట్ అంటే ఏంది బిడ్డా? మూడు నెలలాయె, ఒక్క ఆర్డర్ రాలే. నేను చదువుకున్నదాన్ని గాదు. నాకే చాతనైతలేనట్టుంది."

యోగిత గోడకున్న జాకెట్ల వైపు చూసింది. కొలతలు తీసుకుని కుట్టే జాకెట్‌ను ఆన్‌లైన్ కార్ట్‌లో వేసి ఎవరు కొంటారు?

"ఇది మీకు అవసరమని ఎవరు చెప్పారమ్మా?"

"రాజేందర్ సారే. ముందుగాల ఇంకొక పిలగాడొచ్చిండు, తిరుమలని. ఇదంత నీకొద్దమ్మా, ఒక్క పేజీ చాలు, ఫొటోలు, ఫోన్ నంబర్ పెట్టిస్త, ఆరువేలల్ల అయితదన్నడు. మల్ల రాజేందర్ సారొచ్చి వానికేం తెల్వదన్నడు. మూడో మెషీన్‌కని దాచుకున్న పైసలు ఇటు పెట్టిన."

ఆమె కోప్పడి ఉంటే యోగితకు ఎంతో తేలికగా ఉండేది. శ్యామలమ్మ మాత్రం అల్లం చాయ్ చేతికిచ్చి, "జెర ఓపికతోని నేర్పియ్యి బిడ్డా" అంది. ఆ గ్లాసు పట్టుకుని తలెత్తలేకపోయింది యోగిత. ఆరువేల సైటుకు సున్నా అని రాసింది తనే. నిజం చెప్పినవాణ్ణి సిగ్గులేదా అని అడిగిందీ తనే.

"తప్పు మీది కాదమ్మా, మాది. మీ డబ్బు మొత్తం రేపే వెనక్కి పంపిస్తాను. ఆ ఒక్క పేజీ ఊరికే చేసిపెడతాను."

ఆఫీసుకు తిరిగి వచ్చి తిరుమల్ పాత మెయిల్స్ తీసింది. మే నెలలో ఒకటి పంపాడు. 'కమిషన్ గురించి ఒక ఆలోచన' అని సబ్జెక్టు. అప్పుడు రెండు లైన్లు చదివి, 'అమ్మడం చేతగాక సాకులు' అనుకుని వదిలేసింది. ఇప్పుడు చివరిదాకా చదివింది. మళ్ళీ ఇంకోసారి చదివింది.

మరుసటి సోమవారం మీటింగ్‌లో బోర్డు మీది పేర్లన్నీ తుడిచేసి నిలబడింది.

"పోయిన వారం ఇక్కడే తిరుమల్‌ని అవమానించాను. మీ ముందు అన్నాను కాబట్టి మీ ముందే చెప్తున్నాను. సిగ్గుపడాల్సింది నేను. శ్యామలమ్మకు ఆరువేల సైటు చాలని అతను చెప్పిందే నిజం."

రాజేందర్ మొహం మాడిపోయింది. "నేను రూల్ ప్రకారమే అమ్మిన మేడం."

"అవును. రూల్ నాది, కాబట్టి తప్పూ నాదే. మీకిచ్చిన కమిషన్ వెనక్కి అడగను. ఇకమీదట సైటు చిన్నదైనా పెద్దదైనా ఒకే శాతం. సగం అమ్మినప్పుడు. మిగతా సగం, ఏడాది తర్వాత కస్టమర్ మళ్ళీ మన దగ్గరే కొనసాగితే."

డిజైనర్ ప్రిసిల్లా మెల్లగా అంది: "ఇది తిరుమల్ పంపిన ప్లానే కదా మేడం? మాకందరికీ చూపించాడు."

"అదే. నేనొక్కదాన్నే చదవలేదు."

ఆ సాయంత్రం బొల్లారంలో ఒక నీలిరంగు తలుపు ముందు యోగిత రెండుసార్లు చెయ్యెత్తి దించింది. మూడోసారి కొట్టకముందే తలుపు తెరుచుకుంది. తిరుమల్ తల్లి విజయమ్మ.

"ఎవరమ్మా?"

"నేను... యోగితనండీ. ఆఫీసు నుంచి."

విజయమ్మ కింది నుంచి పైదాకా చూసింది. "ఓహో. మా పిలగాన్ని తిట్టిన మేడం నువ్వేనా?"

భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "నేనేనండీ."

"మల్ల తిట్టనీకి వచ్చినవా?"

"కాదండీ. తప్పయిందని చెప్పడానికి."

"నాకు గాదు, వానికి చెప్పు. పెరట్ల బట్టలు తీస్తున్నడు." చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

యోగిత పెరట్లోకి వెళ్ళేసరికి, భుజం మీద ఆరిన బట్టలతో తిరుమల్ అక్కడే నిలబడిపోయాడు. "మీరా? ఇక్కడికా?"

యోగిత శ్యామలమ్మ సంగతి, మెయిల్ సంగతి, మీటింగ్ సంగతి గడగడా చెప్పేసింది. అతను వింటూ ఒక్కొక్క బట్టా మడతపెట్టాడు.

"మంచిగ చేసిన్రు మేడం. ప్రిసిల్లా ఫోన్ల చెప్పింది. దీనికోసం ఇంత దూరం రావాల్నా?"

"ఇంకోటుంది. ఆ రోజు మిమ్మల్ని అంతలా ఎందుకన్నానో చెప్పలేదు." ఆమె కళ్ళు నేలమీదే ఉన్నాయి. "మీరంటే నాకు ఇష్టమని అందరికీ తెలిసిపోతుందేమోనని భయపడ్డాను. అది కప్పిపుచ్చుకోవడానికి మిమ్మల్ని చిన్నబుచ్చాను."

తిరుమల్ చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"అంటే... ఇష్టమున్నదని తిట్టిన్రా?"

"అవును. చాలా అన్యాయం."

"మస్తు అన్యాయం." అతని పెదవుల చివర నవ్వు మెల్లగా బయటపడింది. "నాలుగు రోజులు అన్నం సక్కగ తినలే నేను. ఉద్యోగం పోయిందని గాదు. మీరన్నరని."

"ఉద్యోగానికి తిరిగి రమ్మని అడగటానికి రాలేదు. వస్తే సంతోషం, రాకపోయినా మీ ఇష్టం. రెండో సంగతికీ దానికీ ముడిపెట్టను."

"రెండో సంగతేందీ?"

"తెలిసే అడుగుతున్నారు!"

"మళ్ళొకసారి వినాలనుంది. జెర తలెత్తి చెప్పున్రి."

వారం తర్వాత మొదటిసారి యోగిత అతని కళ్ళలోకి చూసింది. చెప్పింది. మొహమంతా వేడెక్కింది కానీ చూపు తిప్పుకోలేదు.

"జాబ్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు తిరుమల్. "ముందు ఇది షురూ చేద్దాం."

వంటింట్లోంచి విజయమ్మ కేకేసింది: "తిరుమలా, ఆ పిల్లను అన్నం తిని పొమ్మను. తిట్టినోళ్ళకు సుత ఆకలైతది!"