కాకికి చెప్పిన మాట

రంగూన్‌లో, అదే మనవాళ్ల రంగంలో, బోటాటౌంగ్ రేవు బియ్యం గోదాముల వెనక ఒక బీడు ఉండేది. ఆదివారం సాయంత్రాలు మన కళింగాంధ్ర కూలీలు అక్కడ బేస్‌బాల్ ఆడేవారు. ఎవరో అమెరికా ఓడవాడు ఆట నేర్పి, సామానంతా వాళ్లకే వదిలేసి పోయాడు. రంగంలో ఆ ఆట ఆడే జట్లే తక్కువ. వాటిలో మనవాళ్లది అట్టడుగు జట్టు. గెలుపు సంగతి అటుంచండి, కాస్త పరువుగా ఓడిపోయినా ఆ పూట చేపల పులుసు వండుకునేవారు.

పంతొమ్మిదివందల ఇరవయ్యారో సంవత్సరం వానల్లో బస్తాలు మీదపడి బుల్లియ్య పోయాడు. బ్యాటువాడి వెనక గొంతుక్కూచుని, పెద్ద తోలు తొడుగుతో బంతి పట్టేది అతనే. పదోనాడు ఏటి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. రంగంలో కాకులకు కరువా? గోదాము గోడ నిండా ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ముసలితల్లిని చూసుకుంటామన్నారు. కప్పు గెలిచి నీ పేరు చెక్కిస్తామన్నారు. ఊహూ. చివరికి జట్టు పెద్ద దేముడు పిండం మీదికి వంగి ఏదో గొణిగాడు. కాకి వెంటనే వాలింది.

దూరంగా బిందెతో నీళ్లు తెస్తున్న అచ్చెన్నకి ఆ మాట వినపడలేదు. విన్నవాళ్లెవరూ అతని మొహంకేసి చూడలేదు.

దేముడు అచ్చెన్నకి అక్క మొగుడు. తండ్రిలా చూసుకుంటానని చెప్పి ఓడెక్కించి తెచ్చినవాడు. అతనే స్వయంగా బుల్లియ్య తొడుగు తెచ్చి చేతిలో పెట్టేసరికి, ఇన్నాళ్లూ బురదలో బంతులు ఏరిపెట్టిన అచ్చెన్న ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఆ ఆదివారం మబ్బు ముందే చీకటి తెచ్చింది. ఏటి బురద వాసన, తడిసి పులిసిన తవుడు వాసన. ఎక్కడ చూసినా కప్పల అరుపులు. అచ్చెన్న గొంతుక్కూచుని తొడుగులో చెయ్యి పెట్టాడు. అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు లోపల వెచ్చగా ఉంది.

దేముడు బంతి విసిరాడు. అది అచ్చెన్న చేతికి రాలేదు. వెనక మాత్రం తోలుమీద పడిన చప్పుడైంది.

ధప్...

తిరిగి చూశాడు. ఎవరూ లేరు. బంతీ లేదు.

కప్పలు ఆగిపోయాయి. తొడుగులో అతని వేళ్ల సందుల్లోకి, ఒకటొకటిగా, వేరే వేళ్లు దూరాయి. బిగుసుకున్నాయి...

"లాగు బావా! రావట్లేదు!"

దేముడు నిలబడ్డచోటే ఉన్నాడు. మిగిలినవాళ్లు చొక్కాలు తీసుకుని వెళ్లిపోతున్నారు.

"ఆ దినం కాకితో ఏటి సెప్పినావు?" గుసగుసగా అడిగాడు అచ్చెన్న.

"ఒంటరిగా ఎల్లనన్నాడు గావాల. మనందర్నీ పీక్కుతింటాడని బయమేసింది. నీ జాగాలో కూకున్నోడు నీకు తోడొస్తాడన్నాను."

"మరి నన్నెందుకు కూకోబెట్టినావు?"

"మాకందరికీ పెళ్లాం పిల్లలున్నారు. నీకు ఏడిసేవోలు ఎవులున్నార్రా?"

"అప్ప ఉంది గదా..."

"దానికి నాను ఏదోటి సెప్పుకుంటాన్లే."

నమ్మించి గొంతు కొయ్యడమంటే వినడమే గాని, ఆ కత్తి ఎంత చల్లగా దిగుతుందో అచ్చెన్నకి ఇప్పుడు తెలిసింది. దెయ్యం పట్టిన చెయ్యికన్నా బావ అన్న మాటే ఎక్కువ నొప్పెట్టింది. దేముడు వీపు తిప్పి నడిచాడు. అచ్చెన్న ఇక గింజుకోలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"నన్నూ నా ముందోడికి తోడుగా మీ బావే కూకోబెట్టినాడురా..."

బుల్లియ్య గొంతే. తొడుగులోని చెయ్యి గట్టిగా లాగింది. ఏటివైపు కాదు... దేముడు వెళ్లినవైపు.

అచ్చెన్న లేచాడు. అతనితోపాటే, వెనక బురదలో, గొంతుక్కూచున్న చాలామంది ఒక్కసారి లేచిన చప్పుడైంది.