బస్సులో తేలిన వరస

"నర్సరీకి మా బస్సు పోదమ్మా! ఇంతకీ మొక్కల నర్సరీనా, పిల్లల నర్సరీనా?" అన్నాడు కండక్టర్ మస్తాన్‌రావు.

రాజుపాలెంలో ఎక్కిన ఇంద్రజ తెల్లబోయింది. హైదరాబాద్ పిల్ల, బ్యాంకులో కొత్త ఉద్యోగం. "న-ర-స-రా-వు-పే-ట" అని వార్తలు చదివినట్టు పద్ధతిగానే అడిగింది. సగం పేరును ఇంజను మింగేసింది.

వెనక సీట్లో శ్రీహరి అందుకున్నాడు. ట్రాక్టర్ల షోరూమ్‌లో పనిచేసే కుర్రాడు. "పేట అనండి, చాలు. పూర్తి పేరు శుభలేఖల మీదే వేస్తాం."

ఇంద్రజ నవ్వింది. ఆ నవ్వుకు శ్రీహరి గుండె టికెట్ లేకుండా మాచర్ల దాకా పోయొచ్చింది. అంతలోనే ఆ పిల్ల 'అన్న'ంత పని చేసింది.

"థాంక్స్ అన్నా! అమ్మమ్మా, కొంచెం జరుగుతావా?"

ఆ జరిగిన అమ్మమ్మ కోటమ్మ. శ్రీహరికి సొంత నాయనమ్మ. "చెల్లెలు దొరికిందిరా నీకు!" అని మురిసిపోయింది. వాళ్ల ఊళ్లో వరస పెట్టి ఒక్కసారి పిలిస్తే అయిపోయినట్టే, రిజిస్ట్రారు అక్కర్లేదు.

రోజూ అదే బస్సులో పోయొస్తూ, వానలు వచ్చేసరికి ఇంద్రజ నోట 'చాలా' దిగిపోయి 'చానా' ఎక్కింది. 'ఏంటి' లేచి 'ఏంది'కి సీటిచ్చింది. ఓ సాయంత్రం కిటికీలోంచి జల్లు కొడుతుంటే, "ఏందీ వాన! చానా బాగుంది!" అంది. గురజాలలో పుట్టినవాళ్లు కూడా అంత తియ్యగా అనలేరనిపించింది శ్రీహరికి. ఆ 'చానా'ను జేబులో దాచుకున్నాడు.

"కదన్నా?" అంది ఇంద్రజ. జేబు చిరిగింది.

మనసు విప్పుదామంటే, చెల్లెలి వెంట పడ్డాడని ఊరు ఊరుకోదు.

ఓ సోమవారం కోటమ్మ బస్సులోనే బొట్టు పెట్టి పిలిచింది. "ఏమే ఇంద్రజా, ఆదివారం అచ్చంపేటలో మీ అన్నకి పెళ్లిచూపులు. ఆడపడుచువి, నువ్వు లేకుంటే ఎట్టా?"

ఇంద్రజ మొహం వాడిపోయింది. "నేను ఆడపడుచునేంది అమ్మమ్మా?"

"అన్నా అన్నావు గదంటే!"

"హైదరాబాద్‌లో ఆటో ఆయనా అన్నే, పానీపూరీ ఆయనా అన్నే! అది వరస కాదు, మర్యాద!" ఇంద్రజ లేచి నిలబడింది. "అయినా మొదటిరోజు నుంచి నిన్ను అమ్మమ్మా అంటున్నానే, అదెందుకు లెక్కెయ్యలేదు? అమ్మమ్మ కొడుకు కొడుకు నాకేమవుతాడు?"

బస్సంతా వేళ్లు మడిచింది.

"బావ!" అని అరిచి, మస్తాన్‌రావు సంబరంగా విజిలేశాడు. స్టాప్ అనుకుని డ్రైవరు బ్రేకేశాడు. వెనకవాళ్లు "ఏందిరా, ఏమైంది?" అని ఎగబడ్డారు. కోటమ్మ లేచి, అన్న మర్యాదనీ అమ్మమ్మ వరసనీ డ్రైవరుతో సహా అందరికీ విడమరిచి చెప్పింది. చెప్పి, మనవడి వైపు తిరిగింది.

"ఒరేయ్, మరదలు బస్సులోనే ఉండగా అచ్చంపేట దాకా ఎందుకు? నీకిష్టమేనంట్రా?"

ఇన్నాళ్లూ జేబులో దాచుకున్నది శ్రీహరి బయటికి తీశాడు.

"చానా, నాయనమ్మా!"