చూడకుండా పరిగెత్తాలి

జట్టులో చేరిన మొదటి రోజే స్మిల్టె విసిరిన బంతి నా చెవికి తగిలింది. చెవి గుయ్యిమంది. సారీ చెబుతుందేమో అనుకున్నా.

"నిద్రపోతున్నావా?" అంది.

నిద్ర కాదండీ, ఆమెనే చూస్తున్నా. అదే నా ఖర్మ.

మా ఉతెనా ఊళ్ళో చలికాలం వచ్చిందంటే శనివారాలు ఆడా మగా, చిన్నా పెద్దా కలిసి బాస్కెట్‌బాల్ ఆడాల్సిందే. మా జట్టులో బంతి నడిపించేది స్మిల్టె. నేను పొడుగు, లావు. నా పనల్లా ఆమెని కాసే అవతలి జట్టువాడికి అడ్డంగా కదలకుండా నిలబడటం. వాడు నన్ను గుద్దుకోగానే ఆమె పక్కనుంచి దూసుకుపోతుంది. వెంటనే నేను గిరుక్కున తిరిగి బాస్కెట్ వైపు పరిగెత్తాలి.

వినడానికి తేలికే. కానీ ఆమె నా భుజం రాసుకుంటూ వెళ్ళగానే నోరు తెరుచుకుని అక్కడే ఉండిపోయేవాణ్ణి. ఆమేమో ఎటో చూస్తూ, నలుగురి మధ్య నుంచి బంతిని ఖాళీలోకి పంపేది. ఆ ఖాళీలో నేనుండాలి. ఉండేవాణ్ణి కాదు. బంతి పోయి గోడకి కొట్టుకునేది.

స్మిల్టె వాళ్ళ నాన్న వైదోతాస్ గారిదీ మా జట్టే. యాభై దాటినా, మూల నిలబడి దూరం నుంచి వేస్తే గురి తప్పదు. ఊరి పోటీల సెమీఫైనల్ ముందు నన్ను పక్కకి పిలిచారు. ఆటలోనే తన కూతుర్ని ఒంటరిగా వదిలేసేవాడు బయట ఏం ఆదుకుంటాడట. ఈసారీ దిమ్మలా నిలబడితే జట్టులోనూ చోటు లేదు, వాళ్ళింటి ఛాయలకీ రాకూడదట.

నా మొహం చూసి స్మిల్టెకి జాలేసినట్టుంది. "నన్ను చూడకు, పరిగెత్తు. నేను చూసుకుంటాగా నిన్ను," అంది.

ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నేను అడ్డం నిలబడ్డా. ఆమెని కాసే కుర్రాడు వచ్చి నన్ను గుద్దుకున్నాడు. నన్ను కాసేవాడు కంగారుపడి ఆమె మీదికి పోయాడు. ఊపిరి బిగబట్టి పరిగెత్తా. వెనక్కి చూడలేదు.

బంతి వచ్చి చేతుల్లో పడింది. నేనెక్కడ ఉండబోతున్నానో ఆమెకి నాకంటే ముందే తెలుసు.

వేసేస్తే నేనే హీరో. అంతలో ఎదురుగా ఇంకొకడు చేతులెత్తి వచ్చేశాడు. వీడు ఎవర్ని వదిలేసి వచ్చాడబ్బా అని చూస్తే, మూలలో వైదోతాస్ గారు ఒంటరిగా ఉన్నారు. ఆయన ముందు గొప్ప అనిపించుకోవాలని ఎంత ఉబలాటమో చెప్పలేను. అయినా బంతి ఆయనకే ఇచ్చేశా. ఆయన వేశారు. బంతి వలలోంచి జారింది. గెలిచాం.

అడ్డం నిలబడింది నేను, ఇద్దర్ని తనవైపు లాక్కుంది ఆమె, వేసింది ఆయన. ముగ్గురు కలిస్తే ఇంత అందంగా ఉంటుందా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాస్కెట్ వేసినవాళ్ళు పాస్ ఇచ్చినవాళ్ళకి 'నీవల్లే' అన్నట్టు వేలు చూపించడం మా దగ్గర మర్యాద. వైదోతాస్ గారికి ఆ అలవాటే లేదు, సొంత కూతురికే ఏనాడూ చూపించలేదు. అలాంటిది చెయ్యెత్తి నా వైపు చూపించారు. తర్వాత ఏమీ ఎరగనట్టు నీళ్ళ సీసా వెతుక్కున్నారు.

స్మిల్టె దగ్గరికొచ్చింది. ఆయాసంలోనే అనేశా, "నువ్వంటే నాకిష్టం."

"ఊరంతటికీ తెలుసు," అంటూ నా చెయ్యి పట్టుకుంది, వాళ్ళ నాన్న చూస్తుండగానే.

ఆయన దగ్గారు. "ఆదివారం భోజనానికి రా అబ్బాయ్. కాస్త ముందే రా. అట్లకి బంగాళాదుంపలు బోలెడు తురమాలి, మా పిల్లొక్కతే చెయ్యలేదు."