మెరుపు తిన్న విందు

“మెరుపు పడిపోయింది. ఆస్పత్రిలో ఉంది. జబ్బా, హత్యాప్రయత్నమా? తేల్చు,” అన్నాడు చీఫ్. ఫోన్ కట్ అయింది.

ఏజెంట్ కత్తెర వెంటనే ఆస్పత్రికి బయల్దేరాడు. మెరుపు ఒక హోటల్లో గాయని. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె మాత్రం ఎన్నాళ్ళుగానో కత్తెరకే రహస్యాలు చేరవేస్తోంది. ఈ పనిలోకి దింపింది అతనే. ఆమె అంటే ఇష్టమన్న మాట మాత్రం ఒక్కనాడూ నోరు విప్పి చెప్పలేదు.

తెల్లకోటు తొడుక్కుని వార్డులోకి నడిచాడు. ఈ వేషానికి కష్టపడనక్కర్లేదు. ఏజెంట్ కాకముందు అతను డాక్టరే.

“పక్షవాతం అనుకుంటున్నాం సర్. కానీ స్కాన్ నార్మల్‌గా ఉంది,” అంది డ్యూటీ డాక్టర్.

మెరుపు రెప్పలు రెండూ సగానికి వాలిపోయి ఉన్నాయి. కత్తెర ఆమె మీదికి వంగాడు.

“నువ్వు... ఇద్దరుగా కనిపిస్తున్నావు,” అంది చెవిలో. మాట ముద్దముద్దగా వచ్చింది. “నేను డబుల్ ఏజెంట్‌ని కదా!”

అతనికి నవ్వు రాలేదు. పరీక్షించాడు. జ్వరం లేదు. తెలివి చెక్కుచెదరలేదు. నోరు ఎండిపోయింది. తల ఎత్తలేకపోతోంది, చేతుల్లో పట్టు లేదు. కాళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి.

“పక్షవాతం సాధారణంగా ఒక పక్కన పడుతుంది. ఇది రెండు పక్కలా కళ్ళ దగ్గర మొదలై కిందికి దిగుతోంది. బొట్యులిజం! పాడైన తిండిలో పుట్టే బ్యాక్టీరియా విషం. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకండి, విరుగుడు మందు యాంటీటాక్సిన్ తెప్పించండి. వెంటిలేటర్ సిద్ధంగా ఉంచండి.”

డ్యూటీ డాక్టర్ పరుగెత్తింది.

“ఏం తిన్నావు?”

“డబ్బా పుట్టగొడుగులు. నిన్న ముఠావాళ్ళే పెట్టారు. నన్నూ, డబ్బానీ ఒకేసారి పరీక్షించారు. తినకపోతే... దొరికిపోతాను.” ఆయాసపడింది. “అవే డబ్బాలు శాంతి సభకి. ఇవాళ మధ్యాహ్నం... భోజనంలో.”

అప్పటికే భోజనాల వేళైంది. కత్తెర కోటు గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

“చీఫ్! కోడ్ ఎర్రదీపం! సభలో భోజనాలు ఆపించండి. పుట్టగొడుగుల్లో విషం!”

సభాభవనంలో ఫైర్ అలారం గొల్లుమంది. ఒక ప్రతినిధి పెదవుల దాకా వెళ్ళిన చెంచా అక్కడే ఆగింది. వంటవాళ్ళ వేషంలో ఉన్న ముఠా వెనక గుమ్మం దగ్గర దొరికిపోయింది.

యాంటీటాక్సిన్ వచ్చింది. ఒంట్లో తిరుగుతున్న విషాన్ని ఆపింది. అప్పటికే నరాలను పట్టుకున్న విషాన్ని విడిపించడం దానివల్ల కాదు. సాయంత్రానికి మెరుపు ఊపిరిని మిషన్‌కి అప్పగించారు.

మర్నాడు కత్తెర ఆమె పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించాడు. విషం సంగతి రహస్యంగానే ఉంచారు. భోజనం కూడా పెట్టకుండా పంపేశారని, ఇంత అధ్వాన్నమైన మర్యాద ఎక్కడా చూడలేదని ప్రతినిధులు మండిపడ్డారు. తర్వాత, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పాడు. ఆమె విన్నదని అతనికి తెలుసు. బదులివ్వడానికి ఆమెకు రెప్పపాటు కూడా మిగల్లేదు.

కొన్ని వారాలకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ చేరి మెరుపు కన్నుమూసింది. ఆమె పేరు ఎక్కడా రాలేదు. ఆమె చేసిన పనికి పేపర్లో దక్కిన గుర్తింపల్లా భోజనం పెట్టలేదన్న ఆ ఫిర్యాదొక్కటే.