గుహ గుడిలోకి వెలుగు

"తాతా, ఈ గుడికి ఇంత పెద్ద రాళ్లు ఎక్కణ్ణించి తెచ్చారు?"

గుహ వాకిట్లో నిలబడి పాప అడిగింది. మెట్లెక్కడం మొదలుపెట్టాక అది పదిహేడో ప్రశ్న. లెక్కపెడుతున్నది తమ్ముడు.

కాపలా తాత నవ్వాడు. "తేలేదమ్మా, తీశారు. ఇదంతా ఒకటే కొండ. అక్కర్లేని రాయి చెక్కేస్తే మిగిలిందే గుడి."

"మరి ఒక దెబ్బ ఎక్కువ కొడితే? దేవుడి ముక్కు ఊడిపోతే?"

"ఊడితే ఊడినట్టే. అందుకే తొందరపడేవాళ్లు కాదు."

"పద్దెనిమిది, పందొమ్మిది," అన్నాడు తమ్ముడు.

అమ్మమ్మ మాత్రం చీకటి గుహలోకే చూస్తోంది. చివరి గోడ మీద పాముపాన్పుపై పడుకున్న విష్ణుమూర్తి ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్లక్కతో కలిసి ఆమె ఇక్కడికి వచ్చింది. ఆరోజు మబ్బు పట్టి, స్వామి పాదాలే కనబడ్డాయి. "ముఖం ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే," అంది అక్క. ఆ ఈసారి వచ్చేసరికి అక్క లేదు.

లోపల కరెంటు లేదు. తాత మూలనున్న పెద్ద అద్దం బయటికి తెచ్చాడు. పాత బీరువా తలుపుది. దాన్ని ఎండలో నిలబెట్టి కాస్త వంచేసరికి, తెల్లటి వెలుగు స్తంభాల మధ్యనుంచి లోపలికి దూకింది.

"ఎండ కొండ నెత్తి దాటిందంటే ఇక చూడలేం. అరగంట కూడా లేదు," అన్నాడు తాత. "నేను అమ్మగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. నువ్వు అద్దం పట్టుకుంటావా పాపా? వెలుగు మా కాళ్ల ముందే ఉండాలి."

"ఓ! పట్టుకుంటాను!"

ఇద్దరూ మెల్లగా లోపలికి నడిచారు. ఇంతలో పైకప్పు దగ్గర ఏదో కిచకిచమంది.

"అక్కా, గబ్బిలాలు! తలకిందులుగా వేలాడుతున్నాయి!" అన్నాడు తమ్ముడు.

తలకిందులుగా ఉంటే వాటికి కళ్లు తిరగవా? పాప అద్దాన్ని పైకి తిప్పింది. ఒక్క క్షణమే.

గబ్బిలాలు టపటపా లేచాయి. కింద చిమ్మచీకటి. ధబ్బుమని చప్పుడు.

"అమ్మో!" అమ్మమ్మ గొంతు.

అద్దం గోడకి ఆనించి లోపలికి పరుగెత్తింది. "అమ్మమ్మా, వస్తున్నా!"

"రావద్దు!" అని అరిచాడు తాత. "ఈ చీకట్లో నువ్వొచ్చి ఏం చేస్తావు? వెనక్కి పో! వెలుగు పంపు!"

పాప కాళ్లు ముందుకే లాగుతున్నాయి. అమ్మమ్మ అక్కడ పడి ఉంటే తను ఇక్కడ నిలబడాలా? అయినా వెనక్కి తిరిగింది. అద్దం పట్టుకుంది. వెలుగు గోడల మీద అటూ ఇటూ ఊగింది. తమ్ముడు కింది అంచు పట్టుకున్నాడు.

వెలుగు నేల మీద పాకుతూ వెళ్లి అమ్మమ్మను చేరింది. ఆమె మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది.

'తమ్ముడే చూడమన్నాడు' అన్న మాట పాప నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనే తిప్పాను అమ్మమ్మా! గబ్బిలాల్ని చూద్దామని!"

"బాగుందే! ఇంతదూరం లాక్కొచ్చింది గబ్బిలాలకి దణ్ణం పెట్టించడానికా?" మోకాలు రుద్దుకుంటూ లేచింది అమ్మమ్మ. "కాస్త గీరుకుంది, అంతేలే. పట్టు, సరిగ్గా పట్టు!"

ఒక్కో అడుగూ చూసుకుంటూ పాప వెలుగును జరిపింది. అది చివరి గోడ ఎక్కింది. స్వామి పాదాల నుంచి ముఖందాకా పాకింది.

తర్వాత అమ్మమ్మ గొంతు, చాలా మెల్లగా వినబడింది. "అక్కా... నవ్వుతున్నాడే."

అమ్మమ్మ కుంటుతూ బయటికి వచ్చి, పాప తల నిమిరి, మెట్టు మీద కూలబడింది. "ఇక నువ్వెళ్లు. తాత అద్దం పట్టుకుంటాడు."

పాప అడుగు వేసిందో లేదో, ఒక ముసలి జంట ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "ఆయనకి చూపు సరిగా లేదు బాబూ. మీరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారా?" అని తాతను అడిగిందామె.

తాత పాపవైపు చూశాడు. "ఈ పిల్ల ఇంకా చూడలేదమ్మా. ఎండ చూస్తే అయిపోవస్తోంది."

పాప గుహలోకి చూసింది. అమ్మమ్మకి కనబడిన ఆ నవ్వు ఎలా ఉంటుందో!

"మీరు వెళ్లండి తాతా," అని అద్దం దగ్గరికి వచ్చింది.

వాళ్లు వెళ్లారు, చూశారు, మెల్లగా వెనక్కి బయల్దేరారు. అప్పటికే కొండ నీడ అద్దం మీదికి పాకుతోంది. సగం అద్దం నల్లబడింది. పాప అద్దాన్ని పైకెత్తింది. చేతులు పీకుతున్నాయి. మునివేళ్ల మీద నిలబడి ఇంకాస్త ఎత్తింది.

ముసలాయన రెండో పాదం గడప దాటాకే దించింది.