పక్క సీటు ఖాళీ

సంకేతాల విభాగంలో రెండో స్థానంలో ఉన్న అధికారి ఆ ఉదయం ఆఫీసుకు బయలుదేరి, ఫ్లైఓవర్ దిగేచోట చనిపోయాడు. చూసినవాళ్ళంతా ఒకే మాట చెప్పారు. కారు ఉన్నట్టుండి ఉరికింది, మలుపు దగ్గర గోడను గుద్దింది. ట్రాఫిక్ పోలీసులు కారంతా తిరగేసి, బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాడని రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నారు. పోయినవాడు తిరిగొచ్చి కాదనడు కదా.

మధ్యాహ్నానికి ఏజెంట్ నత్తకు పిలుపు వచ్చింది.

నత్త అన్నది డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. ఎంత తొందర కేసైనా కారు నెమ్మదిగా నడుపుతాడని అలా పిలుస్తారు. ఇల్లూ వాకిలీ వీపున మోసుకు తిరుగుతాడని కూడా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అతనికి ఒక అద్దె గది, అందులో ఒక కుర్చీ ఉన్నాయి. రెండో కుర్చీ అవసరం ఇంతవరకూ రాలేదు. అయినవాళ్ళంటూ మిగిలింది అక్క ఒక్కతే. లెక్కల లెక్చరర్. ఆమె దృష్టిలో ఇతను టైర్ల కంపెనీ సేల్స్‌మన్. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ఇతను ఏ డాబా మీదో బోర్లా పడుకుని బైనాక్యులర్స్‌లో ఎవరినో గమనిస్తూ ఉంటాడు, ఎత్తడు. రానురాను ఆ ఫోన్లు తగ్గిపోయాయి. తగ్గాకే అతనికి తెలిసింది, తను వాటికోసం ఎదురుచూస్తున్నాడని.

"ఇది మూడో చావు," అన్నాడు చీఫ్ ముందుమాటలేవీ లేకుండా. "ముగ్గురూ సంకేతాల విభాగం వాళ్ళే. మూడూ ఒకే రకం కార్లు, ఒకే సర్వీస్ సెంటర్‌కి వెళ్ళొచ్చినవి."

"థ్రాటిల్?"

"ఎలక్ట్రానిక్. పాత బండ్లలో కాలికీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ ఉండేది. ఇప్పుడు కాలు కంప్యూటర్‌కి కబురు పెడుతుంది, కంప్యూటర్ ఇంజన్‌కి చెప్తుంది. కాలు 'చాలు' అంటుంటే మధ్యలో ఎవడో దూరి 'ఇంకా' అని చేరవేస్తున్నాడు."

"మాట మార్చే మధ్యవర్తి."

"చిన్న చిప్. గుద్దుకోగానే కాలి బూడిదవుతోంది, ఒక్కటీ చేతికి చిక్కలేదు. పరాయి దేశపు ముఠా పని. మన సంకేతాలు తెలిసినవాళ్ళని ఒక్కొక్కళ్ళనే ఏరేస్తున్నారు. ఆఖరికి గుడ్లగూబ దాకా వస్తారు."

గుడ్లగూబ అంటే సంకేతాల విభాగం అధిపతి. ప్రతి మిషన్‌కీ కోడ్‌వర్డ్ రాసేది ఆ బుర్రే. ఆ మనిషి ఆడో మగో కూడా నత్తలాంటి వాళ్ళకు తెలియదు.

"నువ్వు ఆ విభాగంలో కొత్త గుమాస్తావి," అన్నాడు చీఫ్. "అదే రకం కారు ఇస్తాం, అక్కడే సర్వీస్ చేయించు. చిప్ పెడతారు. కారు ఉరుకుతుంది. నువ్వు బతికి, చిప్‌ని బతికించి పట్టుకురా."

"బతక్కపోతే?"

"తప్పు పెడల్ తొక్కావని రాసేస్తారు. లోపల మనమ్మాయి ఒకతె ఉంది, పేరు నెమలి. వాళ్ళ జీతం తింటూ మనకి పనిచేస్తోంది. 'పక్క సీటు ఖాళీయేనా' అని అడుగుతుంది. 'ఎప్పుడూ ఖాళీయే' అనాలి."

నత్తకు ఎక్కడో చివుక్కుమంది. ఆ గుడ్లగూబకు ఇంకో మాటే దొరకలేదా అనుకున్నాడు.

*

అతికించిన మీసం, పెద్ద కళ్ళజోడు, లావుపాటి నిఘంటువులు కుక్కిన తోలు బ్యాగు. నత్త గుమాస్తా అయిపోయాడు. బ్యాగు అడుగున, అది ఎక్కడుందో చెప్పే లొకేటర్ పెట్టి కుట్టారు. దాన్ని పక్క సీట్లో పెట్టగానే కారు మనిషనుకుంది. బెల్టు పెట్టుకోమని గంట కొట్టింది. ఎంతకీ ఆపకపోతే నత్త బ్యాగుకే బెల్టు పెట్టాడు. తన పక్కన ఒకరున్నారని నమ్మే ప్రాణి ఈ లోకంలో ఆ కారొక్కటే. అది జడవస్తువని అతనికి తెలియక కాదు. అయినా రెండోరోజుకల్లా బ్యాగుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఇవాళ ట్రాఫిక్ ఎక్కువుంది," అనేవాడు. బ్యాగు కాదనేది కాదు.

సర్వీస్ అయింది. రోజులు గడిచాయి. స్పీడుగా కూడా నడిపి చూశాడు. కారు ఉరకలేదు, బుద్ధిగా తిరిగింది. చివరికి విసిగిపోయి, ఏసీ పనిచేయడం లేదనే వంకతో మళ్ళీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాడు. బ్యాగు భుజాన ఉంది.

గాజు గోడల లాంజ్‌లో కాఫీ మెషీన్ పక్కన నెమలి నిలబడి ఉంది. కస్టమర్ రిలేషన్స్ ఆఫీసర్ బ్యాడ్జి, నీలాల దుద్దులు, నవ్వితే ఫిర్యాదు మర్చిపోయే నవ్వు.

"పక్క సీటు ఖాళీయేనా?" అంది ఏసీ గురించి అడుగుతున్నంత మామూలుగా.

"ఎప్పుడూ ఖాళీయే."

"అయ్యో పాపం," అంది. కోడ్‌లో ఆ మాట లేదు. తనను చూసి ఎవరైనా పాపం అని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తులేదు. అందుకే ఆమెను నమ్మాడు.

"కారు ఇంకా ఉరకలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

నెమలి చూపు బ్యాగు మీద వాలింది. "ఎప్పుడూ ఇది మోసుకునే తిరుగుతారా?"

"పక్క సీట్లో కూర్చుంటుంది."

"ఇక్కడ వదిలెళ్ళండి. మేనేజర్ గదిలో స్పేర్ చిప్ ఉంది, సాయంత్రం ఇందులో పెట్టి పంపిస్తా. ఇంకో మాట. ఇవాళ్టి బండి ముదురు నీలం. తెల్లజుట్టు మేడం, నిన్ననే సర్వీస్ చేయించుకుంది. పైకి లెక్చరర్‌ని అంటుంది గానీ, గుడ్లగూబ ఆవిడే. లోపల అద్దానికి ఊలుతో అల్లిన గుడ్లగూబ వేలాడదీసుకుంది, ఎంత పొగరో! ఈపాటికి రింగ్ రోడ్డు మీద ఉంటుంది. మీరు తొందరగా వెళ్తే అందుకోవచ్చు."

నత్త బ్యాగు అక్కడే వదిలి పరిగెత్తాడు. ఆ బొమ్మకు ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. అక్క అది అల్లుతుంటే ఊలు ఉండ పట్టుకుని కూర్చున్నది తనే.

*

రింగ్ రోడ్డు ఎక్కుతూనే అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తకపోతే అవతలివాళ్ళకు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. పేరు నత్త అన్న సంగతి మరిచి వేగం పెంచాడు.

ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేశాడు. వేగం పెరుగుతూనే ఉంది.

బ్రేకును రెండు కాళ్ళతో ఒకేసారి బలంగా తొక్కి, అలాగే పట్టుకున్నాడు. వదిలి మళ్ళీ తొక్కాలని కాళ్ళు లాగాయి. వదలలేదు. ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే బ్రేకుకు ఇంజన్ నుంచి వచ్చే సాయం ఆగిపోతుంది. దాచుకున్న సాయం ఒకటి రెండు తొక్కుళ్ళకే ఖర్చయిపోతుంది. ఎడాపెడా తొక్కినవాడికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పోయిన ముగ్గురూ అదే చేసి ఉంటారు.

గేర్ లివర్‌ను న్యూట్రల్‌లోకి నెట్టాడు. ఇంజన్ చెవులు పగిలేలా అరిచింది గానీ, దాని అరుపు ఇక చక్రాలను చేరలేదు. హజార్డ్ లైట్లు వేసి, కారును పక్కకు తెచ్చి ఆపాడు. పూర్తిగా ఆగాకే స్టార్ట్ బటన్ నొక్కి పట్టి ఇంజన్ ఆపాడు. అంత నిశ్శబ్దంలో అలవాటు కొద్దీ పక్కకు తిరిగి, "బతికాం," అన్నాడు.

సీటు ఖాళీగా ఉంది.

అప్పుడు అంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ బ్యాగు ఉంది, కారు ఉరకలేదు. ఇవాళ లేదు, ఉరికింది. పక్కన మనిషుంటే, బతికి బయటపడి 'ఆయన బ్రేకే తొక్కాడు' అని సాక్ష్యం చెప్తాడు. అందుకే ఈ చిప్ పక్క సీటు చూసుకుని మరీ పనిచేస్తుంది. వేగం అందుకున్నాక, ఒంటరివాళ్ళనే చంపుతుంది. నెమలికి ఆ సంగతి తెలుసు, ఆమె అసలు వాళ్ళ మనిషే. బ్యాగు అడిగింది అందుకు. గుడ్లగూబ సంగతి చెప్పింది అతను వేగంగా నడపాలని. చచ్చేవాడికి నిజం చెప్తే పోయేదేముంది!

మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? నేను డ్రైవింగ్‌లో ఉన్నాన్రా."

"అక్కా, నీ పక్క సీట్లో ఎవరైనా ఉన్నారా?"

"నా పక్కన ఎవరుంటార్రా?" అంది. ఆ గొంతు అతను ఎరిగినదే. రోజూ బ్యాగుతో మాట్లాడే గొంతు అలాగే ఉంటుంది. "ఒరేయ్! ఇదేంటిది, బండి దానంతటదే పోతోంది!"

"బ్రేకు తొక్కు."

"కొడుతూనే ఉన్నా, ఆగట్లేదు! ఎదురుగా సిగ్నల్, స్కూలు బస్సు ఆగి ఉంది!"

"కొట్టకు! ఒక్కసారే, రెండు కాళ్ళతో తొక్కి పట్టు. వదలకు. లివర్ డి లోంచి ఎన్ లోకి నెట్టు."

"ఎన్ ఏంట్రా? అది నేనెప్పుడూ వాడలేదు!"

దేశదేశాల సంకేతాలు విప్పిన మనిషి.

"న్యూట్రల్ అక్కా! నెట్టు!"

ఇంజన్ కేక ఫోన్‌లోంచి దూసుకొచ్చింది. తరువాత టైర్ల రాపిడి. తరువాత ఏమీ లేదు. నత్త జీవితంలో ఎన్నో నిశ్శబ్దాలు ఉన్నాయి, అంత భయంకరమైనది మాత్రం ఇంకొకటి లేదు.

"తమ్ముడూ," అంది ఫోన్. "బస్సు వెనక కిటికీలోంచి ఒక చిన్నది నాకు టాటా చెప్తోందిరా."

నత్త స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. మీసం ఊడి ఒళ్ళో పడింది.

*

నత్త కారులో చిప్ చెక్కుచెదరకుండా దొరికింది. సాయంత్రానికల్లా సర్వీస్ సెంటర్‌కు తాళం, మేనేజర్‌కు బేడీలు పడ్డాయి. నెమలి రేవు దాకా పారిపోగలిగింది. కంగారులో ఏ కారు దొరికితే ఆ కారెక్కింది, అదీ సర్వీస్ అయినదే. ప్రాణభయం కొద్దీ పక్క సీట్లో నత్త బ్యాగు పెట్టి, బెల్టు కూడా పెట్టింది. చిప్ ఏమీ చేయలేదు. బ్యాగులోని లొకేటర్ మాత్రం దారి పొడవునా కూస్తూనే ఉంది, రేవులో ఆమెను పట్టించింది. ఆ బెల్టే ఆమెకు అన్నీ తెలుసనడానికి సాక్ష్యం.

"ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు ఎరగనట్టే ఉండండి. రూల్," అని చీఫ్ హెచ్చరించాడు.

మర్నాడు నత్త తన సొంత డొక్కు కారులో అక్క ఇంటి ముందు ఆగాడు. ఆమె కిటికీలోకి వంగింది.

"పక్క సీటు ఖాళీయేనా?"

కోడ్‌వర్డ్ రాసిన మనిషే అడుగుతోంది. ఆమె తన బతుకులోంచే తీసి రాసిందని ఇప్పుడు తెలుస్తోంది. డోర్ తెరిచాడు. ఆమె కూర్చుంది. కారు గంట కొట్టింది. ఈ కారు మోసపోలేదు.

"బెల్టు పెట్టుకో అక్కా, లేకపోతే నోరు మూయదు."

పెట్టుకుంది. రోడ్డు వంకే చూస్తూ, "టైర్ల వ్యాపారం ఎలా ఉందిరా?" అంది.

"ఏదో, దొర్లుతోంది. నీ లెక్కల క్లాసు?"

"ఒక మొద్దు ఉందిరా క్లాసులో. ఎన్ అంటే ఏంటో దానికి నిన్నటిదాకా తెలీదు."