పిటిషన్ వేసిందెవరు?

"అమ్మా, ఏ సంవత్సరం?"

పొద్దున్నే టీ కప్పు చేతిలోకి రాకముందే కూతురు మొదలుపెట్టింది. తల్లి వినిపించుకోనట్టు అద్దం తుడుస్తోంది. ఇంటి ముందుగదే ఆవిడ బ్యూటీ పార్లర్. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకి వేలాడే హెయిర్ డ్రైయర్, చిన్నపిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క. అంతే ఆస్తి.

"చెప్పాగా. నీకు పాలపళ్ళు ఊడే రోజుల్లో."

"పాలపళ్ళ లెక్క కోర్టులో చెల్లదమ్మా! సంవత్సరం కావాలి, కేసు నంబరు కావాలి. పోనీ ఒక్క కాగితమైనా దాచలేదా?"

"చెదలు తినేశాయి."

"వకీలు?"

"పోయాడు."

"భలే! చెదలూ వకీలూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పనికానిచ్చారన్నమాట."

కూతురు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన రోజంతా కూర్చుని కూడా గొంతు పెంచదని ఆమెకి మంచి పేరుంది. ఆ పేరు ఇంటి గుమ్మం దాటి లోపలికి మాత్రం రాదు.

ఇంతకీ గొడవ ఏమిటంటే, యాభై దాటాక అమ్మ పెళ్ళి చేసుకోబోతోంది. వరుడు ఎదురు వరసలో కళ్ళద్దాల దుకాణం నడిపే పెద్దమనిషి. వీధంతా ఆయన్ని కళ్ళజోళ్ళాయన అంటుంది. భార్య పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తుడు. ఏ అడ్డంకీ లేదు, ఒక్క కాగితం తప్ప. అమ్మకి ఇదివరకు అయిన విడాకుల తీర్పుకి కోర్టు ముద్ర ఉన్న నకలు తెమ్మన్నారు రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు. ఈ నెలాఖరులోగా ఇవ్వకపోతే దరఖాస్తు రద్దు, మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం.

ఆ నకలు కోసం కూతురు కోర్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతోంది. మొదట పెద్ద కోర్టుకి వెళితే, కుటుంబ వివాదాలన్నీ వేరే భవనంలోకి మారాయన్నారు. అక్కడికి వెళితే పాత దస్తావేజులు వెనకాల రికార్డు గదిలో ఉంటాయన్నారు. రికార్డు గదివాళ్ళు నకళ్ళ విభాగంలో అర్జీ పెట్టమన్నారు. అక్కడ, తాడుతో బల్లకి కట్టేసిన పెన్ను ముందు కూర్చున్న గుమాస్తా, కేసు కూతురి పేరు మీద కాదు కాబట్టి అమ్మ సంతకంతో అనుమతి పత్రం తెమ్మంది. అదీ తెచ్చింది. తీరా చూస్తే అసలు కేసే దొరకలేదు.

"ఆ ఏడాదీ, దానికి అటూ ఇటూ కూడా చూశానమ్మా," అంది గుమాస్తా నిన్న. "మీ అమ్మగారి పేరుతో పిటిషన్ లేదు. పాత కేసులకి కంప్యూటర్ లేదు. పట్టీలన్నీ పిటిషన్ వేసినవాళ్ళ పేరుతోనే ఉంటాయి. కొంపదీసి మీ నాన్నగారు వేశారేమో?"

కూతురు పకపకా నవ్వింది. "మా అమ్మ సంగతి మీకు తెలీదు మేడమ్!"

తెలియకపోవడానికి ఆ గుమాస్తా ఒక్కతే మిగిలి ఉండాలి. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ వినిపించకుండా అమ్మ దువ్వెన కింద పెట్టదు. "మొగుణ్ణి నేనే వద్దన్నాను. నేనే కోర్టుకి లాగాను. అక్కడ అడ్డదిడ్డంగా మాట్లాడితే కుర్చీ ఎత్తి విసిరాను." కుర్చీ ఒక్కో ఏడాది ఒక్కో సైజు పెరిగింది. కూతురు ఆ కథ వింటూ పెరిగింది. స్కూల్లో ఎవరైనా మీ నాన్నేడీ అని అడిగితే, "మా అమ్మ గెంటేసింది" అని ఛాతీ విరుచుకుని చెప్పేది.

ఇప్పుడు ఆ అమ్మే నీళ్ళు నములుతోంది.

"సూటిగా అడుగుతాను. నీకు ఈ పెళ్ళి ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోతే ఒప్పుకుంటానా?"

"మరి ఎందుకమ్మా నన్నిలా తిప్పుతున్నావు? నిన్నొక సంవత్సరం చెప్పావు, ఇవాళ పాలపళ్ళంటున్నావు. అసలు విడాకులయ్యాయా? లేక ఆ కుర్చీ విసిరేసి తీర్పు వినకుండా వచ్చేశావా?"

"నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకోను! పాఠాలు మానుకుని తిరుగుతున్నాను. పాపం కళ్ళజోళ్ళంకుల్ రోజూ దొరికిందా అని అడిగి, నా మొహం చూసి దుకాణంలోకి వెళ్ళిపోతున్నాడు. నువ్వు చెప్పకపోతే పోనీ, చెప్పేవాళ్ళు ఇంకొకరున్నారు. నాన్న నంబరు సంపాదించడం పెద్ద కష్టం కాదు."

తల్లి చేతిలోంచి తడిగుడ్డ జారిపోయింది.

"ఆయన్ని అడక్కు."

"ఎందుకడగకూడదు?"

"అడక్కన్నానా!" అని అరిచి, అంతలోనే అద్దం ముందున్న కుర్చీలో తనే కూలబడింది. కూతురు ఆవిడని ఆ కుర్చీలో ఎప్పుడూ చూడలేదు. అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుంటారు, అమ్మ వెనకాల నిలబడుతుంది.

"నేను వేయలేదే," అంది అద్దంలోకి చూస్తూ. "ఆయనే వేశాడు. నోటీసొచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. కోర్టుకి వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలి? వద్దనుకున్న మనిషిని, నన్ను కావాలనుకోమని బతిమాలాలా? నేను లేకుండానే తీర్పు ఇచ్చేశారు. పోస్టులో వస్తే చించేశాను. చెదలూ లేవు, ఏమీ లేవు."

 కూతురికి కోపమొచ్చింది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి నన్ను ఇన్ని ఆఫీసులు తిప్పుతావా? అసలు ఎందుకమ్మా ఇంత కథ అల్లడం?"

"నువ్వే అడిగావు."

"నేనా?"

"ఆ చెక్క మీద కూర్చోబెట్టి నీకు జుట్టు కత్తిరిస్తున్నాను. 'అమ్మా, నాన్నకి మనం వద్దా?' అన్నావు. అద్దంలో నీ మొహం చూశాను. అవునని ఎలా చెప్పనే? 'కాదు, మనకే ఆయన వద్దు' అన్నాను. నువ్వు నవ్వావు. ఆ తర్వాత రోజూ అదే చెప్పమనేదానివి. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించింది. వీధిలో జనం కూడా జాలిపడడం మానేసి మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడా కాగితంలో అంతా రాసి ఉంటుంది. కళ్ళజోళ్ళాయన చూస్తాడు. నా ధైర్యం చూసే ముచ్చటపడ్డానన్నాడు. దానికంటే పెళ్ళి ఆగిపోయినా ఫరవాలేదనుకున్నాను."

కూతురు కిందపడ్డ తడిగుడ్డ తీసి పిండుతూ పోయింది. అందులో పిండడానికి ఏమీ మిగల్లేదు.

"రేపు నువ్వే రా కోర్టుకి," అంది చివరికి. "నేను తీసుకెళ్తాను. ఆయనతో చెబుతావో లేదో నీ ఇష్టం."

మర్నాడు వాళ్ళు కారెక్కబోతుంటే కళ్ళజోళ్ళాయన దుకాణం షట్టరు దించి వచ్చేశాడు. "నేనూ వస్తాను, ముగ్గురం వెళితే పని త్వరగా అవుతుందేమో," అన్నాడు. వద్దనడానికి అమ్మకి కారణం దొరకలేదు. 

నకళ్ళ విభాగం ముందు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. గుమాస్తా కూతుర్ని గుర్తుపట్టింది. "మళ్ళీ వచ్చావా? కనుక్కున్నావా మరి, పిటిషన్ వేసిందెవరు?"

ఆ గొంతు గది చివరిదాకా వినిపించింది. కూతురు నోరు తెరిచేలోగా అమ్మ ఆమె మోచేయి పట్టుకుని పక్కకి జరిపింది.

"ఆయన వేశాడమ్మా. మా ఆయన. నన్ను వద్దనుకున్నాడు. నేను కోర్టుకే రాలేదు."

చెప్పేసి కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. కూతురు మాత్రం చూసింది. కళ్ళజోళ్ళాయన అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"అంతేగా! ఆయన పేరు చెప్పండి," అంది గుమాస్తా. వేరే పట్టీ తీసి, వేలు కిందికి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. "ఇదిగో. కేసు నంబరు రాసుకోండి. నకలు శుక్రవారం ఇస్తాం."

ఇన్నేళ్ళు గుండెల మీద మోసిన బరువు గుమాస్తాకి అరనిమిషం పని. అమ్మ తెల్లబోయి చూసింది.

వెనక కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ కుర్చీ విసిరిన సంగతి?"

"అదీ అబద్ధమే," అంది అమ్మ, ఇంకా తిరగకుండానే.

"హమ్మయ్య," అన్నాడాయన. "మా ఇంట్లో కుర్చీలన్నీ పాతవి. విసిరితే ఒక్కటీ మిగలదని బెంగపెట్టుకున్నాను."

అప్పుడు తిరిగింది అమ్మ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "శుక్రవారం కూడా షట్టరు దించేస్తాను," అన్నాడు. అమ్మ తలూపింది. 

అర్జీ కూతురు రాసింది. ఎందుకు కావాలో రాయాల్సిన చోట, "పెళ్ళికి అని రాయి," అంది అమ్మ. "అక్షరాలు గుండ్రంగా రాయవే. ఏమిటా కోడిగీతలు?"

"పెన్ను తాడు పొట్టిగా ఉందమ్మా!"

తాడుది తప్పేమీ కాదు. ఆమె కాగితం వంక చూడకుండా అమ్మ వంకే చూస్తూ రాస్తోంది.

కళ్ళజోళ్ళాయన ముందుగా కారు దగ్గరికి నడిచాడు. మెట్ల మీద కూతురు ఆగిపోయింది.

"అమ్మా, ఆ రోజు నిజం చెప్పినా నేను ఏడ్చేదాన్ని కాదు."

"ఏడ్చేదానివి."

కూతురు అలవాటు ప్రకారం వాదించబోయింది. నోరు తెరిచింది. అద్దంలో కనబడ్డ తన చిన్నప్పటి మొహం ఆమెకి గుర్తులేదు. అమ్మకి గుర్తుంది. ఆ ఒక్క మొహం కోసం అమ్మ ఇన్నేళ్ళు అందరి ముందూ గొప్పలు చెప్పుకుంది.

"అవును, ఏడ్చేదాన్ని," అంది.

అని, కోర్టు మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుండగా, అమ్మ భుజం మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది. అమ్మ ఊరుకోమనలేదు. చిన్నప్పుడు కత్తిరించేముందు చిక్కు తీసినట్టు, ఆమె జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నెమ్మదిగా దువ్వుతూ నిలబడింది.